యూబరి, లైప్‌జిగ్: జనం తగ్గిన ఊరికి రెండు దారులు

జనం వెళ్లిపోతున్న ఊరిని ఏం చేయాలి? జపాన్‌లోని యూబరి కుదించుకునే దారి పట్టింది. 1960 ప్రాంతంలో లక్షకు పైగా జనం ఉన్న ఆ బొగ్గు పట్టణంలో చివరి గని 1990లో మూతపడింది. 2007లో పురపాలిక దివాలా తీసింది. చెదిరి ఉన్న కుటుంబాలను ఊరి నడుమకు చేర్చాలన్నది ప్రణాళిక. బడులన్నీ కలిపేసి ప్రాథమిక పాఠశాల ఒక్కటే మిగిల్చారు. మంచు తోయాల్సిన దారులు, బాగుచేయాల్సిన పైపులు తగ్గుతాయి. లెక్క సరైనదే. కానీ యాభై ఏళ్లు ఒకే గడపలో బతికిన పెద్దావిడకు ఆ మాట ఎలా చెప్పాలి?

జనం తగ్గినప్పుడు జర్మనీలోని లైప్‌జిగ్ నగరం కొన్ని ఇళ్లు కూల్చింది. అయితే 2004లో మొదలైన ఒక స్వచ్ఛంద సంఘం ‘కాపలా ఇళ్ల’ పద్ధతి తెచ్చింది: ఖాళీ పాత భవనంలో అద్దె లేకుండా ఉండండి, దాన్ని కాపాడండి. మనిషి ఉంటే కప్పు కారడం ఆ రోజే కంటపడుతుంది, గోడ నానకముందే గిన్నె పెడతారు. నాకు ఇదే నచ్చుతుంది. కూల్చిన ఇల్లు తిరిగి రాదు. జనం మాత్రం వచ్చారు, ఇప్పుడు ఆరు లక్షలు దాటారు. అయితే అక్కడ కార్ల కర్మాగారాలు, పెద్ద విశ్వవిద్యాలయం ఉన్నాయి. యూబరికి పేరు తెస్తున్నవి ఖర్బూజా తోటలే.