జాగ్రత్త: కొత్త రెస్టారెంట్లో ఆ ‘స్టార్ డిష్’ ఆర్డర్ చేసే ముందు ఇది చదవండి

నగరంలో కొత్తగా ఏ చిన్న రెస్టారెంట్ తెరిచినా వెళ్లి, అక్కడ పేరు మోగిపోతున్న వంటకం రుచి చూసే సరదా ఉన్నవాళ్లందరికీ ఈ పోస్టు. ఆ సరదా నాకూ ఉంది, ఇకముందూ ఉంటుంది, కాబట్టి కొత్త చోట్లకు వెళ్లొద్దని చెప్పడానికి రాయడం లేదు. ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్న ఆ ఒక్క డిష్ ఉంటుంది చూడండి, దాని విషయంలో, అందులోనూ అది చేపతో చేసిందైతే మరీ, కాస్త ఆగి రెండు మూడు ప్రశ్నలు అడిగాకే ఆర్డర్ ఇవ్వండి. మా తమ్ముడు పడిన అవస్థ ఇంకొకరు పడకూడదు.

జరిగింది ఇదీ. ఆ రెస్టారెంట్ తెరిచి ఎక్కువ రోజులు కాలేదు. బయట క్యూ, లోపల దాదాపు ప్రతి టేబుల్ మీదా అదే ప్లేటు. ట్యూనా ముక్కల్ని పైపైన కాల్చి, మీద వేడి సాస్ పోసి ఇస్తారు, మెనూ మొదటి పేజీ మొత్తం దాని ఫొటోనే. మేం ఆర్డర్ ఇచ్చి మంచినీళ్లు తాగేలోపే వచ్చేసింది. సాస్ పొగలు కక్కుతోంది గానీ కింద చేప ముక్క మాత్రం గోరువెచ్చగా ఉంది. తమ్ముడు కొంచెం తినగానే నాలుక చురచురమంటోంది, మిరియాలు ఎక్కువ వేశారేమో అన్నాడు. నేను ఒక ముక్క కొరికి చూస్తే అది కారం కాదు, నాలుక మీద ఏదో లోహం పెట్టినట్టు, దానితోపాటు సన్నటి మంట. వాసనలో మాత్రం తేడా ఏమీ లేదు. వడ్డించే అబ్బాయిని పిలిచి అడిగితే, "అది మా స్పెషల్ మసాలా సార్, అందరూ బాగుందనే అంటున్నారు" అన్నాడు. బిల్లు వచ్చేసరికి తమ్ముడి మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి, తల పగిలిపోతోందన్నాడు, గుండె దడ మొదలైంది. మేనేజర్ వచ్చి చూసి, కనీసం ప్లేటు ముట్టుకోకుండానే, "మీకు చేప పడదేమో సార్, ఎలర్జీ ఉంటే ముందే చెప్పాలి కదా" అని నెపం మా మీదకే తోసేశాడు. చిన్నప్పటి నుంచి చేపలు తింటూ పెరిగినవాడు వాడు!

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్నే, ఏ చేప తిన్నారు, తిన్న ఎంతసేపటికి మొదలైంది అని. ట్యూనా అనగానే ఆవిడకు విషయం అర్థమైంది. దీన్ని స్కాంబ్రాయిడ్ పాయిజనింగ్ అంటారట, అంటే హిస్టమిన్ (ఒంట్లో ఎలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే రసాయనం) వల్ల వచ్చే ఫుడ్ పాయిజనింగ్. ట్యూనా, మాకెరెల్, సార్డిన్ లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. పట్టిన దగ్గర్నుంచి వంటగదికి చేరేదాకా ఎక్కడైనా ఆ చేప సరైన చల్లదనంలో లేకపోతే బాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అదొక్కసారి తయారైందంటే ఇక ఏం చేసినా పోదు. ఎంత కాల్చినా, వేయించినా, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టినా అలాగే ఉంటుంది. చేప చూడ్డానికి, వాసనకి బాగానే ఉండొచ్చు కూడా. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట, రెండు గంటల్లోపు మొహం ఎర్రబడటం, తలనొప్పి, దడ, దద్దుర్లు, కొందరికి విరేచనాలు వస్తాయి. చాలామందికి కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. ఆవిడ హిస్టమిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు, యాంటీహిస్టమిన్ ఇచ్చారు, రాత్రికి తమ్ముడు తేరుకున్నాడు. కానీ ఊపిరి ఆడకపోయినా, గొంతు, పెదవులు వాచినా ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుని కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, ఎందుకంటే అది నిజమైన ఎలర్జీ కూడా అయ్యుండొచ్చు, ఆ తేడా మనం ఇంట్లో తేల్చుకోగలిగేది కాదు.

ఇక్కడ నాకు కోపం తెప్పించింది మేనేజర్ అన్న ఆ ఎలర్జీ మాటే. అలా అనేస్తే వాళ్ల పని అయిపోతుంది. తిన్నవాడేమో నిజమే కాబోలు అనుకుని జన్మలో చేప ముట్టడు, ఆ చేప మాత్రం అదే వంటగదిలోంచి పక్క టేబుల్‌కి వెళ్తూనే ఉంటుంది. నిజంగా హిస్టమినే అయితే లోపం మన ఒంట్లో లేదు, ఆ చేపలో ఉంది. ఈ తేడా తెలిసి ఉండాలి.

అసలు ‘స్టార్ డిష్’ అనే కదా ఎగబడి వెళ్తాం, మరి అందులోనే ఎందుకు ఇలా జరుగుతుంది? తెరిచిన కొత్తలో వచ్చినవాళ్లలో ఎక్కువమంది అదే ఒకటి అడుగుతారు. వంటగది చిన్నది, మనుషులు కొత్త, ఎవరి పని ఏంటో ఇంకా కుదురుకోలేదు. దాంతో పొద్దున్నే ముక్కలు కోసేసి, సగం వండేసి ట్రేలలో సర్ది పెట్టుకుంటారు, ఆర్డర్ రాగానే వేడి చేసి ఇచ్చేస్తారు. ముందే సిద్ధం చేసుకోవడం తప్పని నేను అనను, మంచి వంటగదులన్నీ చేసుకుంటాయి. ఆ ట్రే ఎక్కడ ఉంది, ఎంతసేపు ఉంది అన్నదే ప్రశ్న. వండిన ఆహారాన్ని, త్వరగా పాడయ్యేవాటిని గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని, ఉంచితే 5 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లగా, లేదంటే 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. క్యూ తగ్గని రోజున ఆ ట్రేని మాటిమాటికీ ఫ్రిజ్‌లో పెట్టి తీసే తీరిక ఎవరికుంటుంది, చెప్పండి?

"మళ్లీ బాగా వేడి చేసి ఇస్తాం" అన్నా నమ్మకం పెట్టుకోకండి. చేపకే కాదు, వండి బయట వదిలేసిన అన్నానికీ ఇదే సమస్య. అందులో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా తాలూకు సిద్ధబీజాలు (స్పోర్లు) ఉడికేటప్పుడు చావవు, అది వదిలే విషాల్లో వాంతులు చేయించేది మళ్లీ వేడి చేసినా పోదు.

ఇంత జరిగినా ఆ రెస్టారెంట్ రేటింగ్ చూస్తే 4.9. ఎలా అని అడక్కండి, మా కళ్లముందే జరిగింది. తమ్ముడు తల పట్టుకుని కూర్చుని ఉంటే ఇంకో అబ్బాయి ఫోన్ పట్టుకొచ్చి, "సార్, ఇక్కడే ఐదు స్టార్లు ఇచ్చి చూపిస్తే డెజర్ట్ ఫ్రీ" అన్నాడు. పాపం, అతనికి పైనుంచి చెప్పి పంపారు, అతన్ని అని లాభం లేదు. స్టార్లకి వాళ్లు ఇంత ఆరాటపడటానికి కారణం ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైకేల్ లూకా అనే పరిశోధకుడు సియాటిల్ రెస్టారెంట్ల లెక్కలు తీసి చూస్తే, యెల్ప్ అనే రివ్యూ సైట్‌లో ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోందని తేలింది. 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే ఆయన తను ఉంటున్న షెడ్డునే రెస్టారెంట్ అని చెప్పి ట్రిప్‌అడ్వైజర్ అనే ఇంకో రివ్యూ సైట్‌లో పెట్టి, స్నేహితులతో రివ్యూలు రాయించి, లండన్ మొత్తంలో మొదటి ర్యాంకుకి తెచ్చేశాడు. ఆ ఫొటోల్లో కొన్నింట్లో వంటకాలని కనిపించినవి షేవింగ్ ఫోమ్ లాంటివాటితో చేసినవి. అప్పటికి అక్కడ ఒక్కరు కూడా భోంచేసింది లేదు! కాబట్టి తెరిచిన కొన్ని వారాలకే వందల కొద్దీ ఐదు స్టార్లు, అన్నీ ఒక్క వాక్యంలో, అన్నిట్లో వడ్డించినవాళ్ల పేరు, ఇలా కనబడితే ఆ సగటు అంకెని పక్కన పెట్టండి.

నేనైతే ఇప్పుడు రెండు, మూడు స్టార్ల రివ్యూలే ముందు చదువుతున్నాను, కొత్తవి పైకి వచ్చేలా పెట్టుకుని. కోపంతో ఒక్క స్టార్ కొట్టేసినవాళ్ల కంటే, కొంత నచ్చి కొంత నచ్చనివాళ్లు వివరంగా రాస్తారు. "చల్లగా వచ్చింది", "ఫొటోలో ఉన్నదానికి సగమే ఉంది", "కడుపు పాడైంది" ఇలాంటివి వేర్వేరు తేదీల్లో వేర్వేరు మనుషులు రాసి ఉంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు. రెస్టారెంట్ పెట్టిన ఫొటోలు వద్దు, తిన్నవాళ్లు పెట్టినవే చూడండి.

వెళ్లాక అడగండి, మొహమాటపడకండి. ఇది ఏ చేప, ఇవాళ వచ్చిందా, ఇప్పుడే వండుతారా, ఎంతసేపు పడుతుంది. ఇరవై నిమిషాలు పడుతుంది అన్నారంటే నాకు సంతోషం, అప్పటికప్పుడు చేయాల్సిన వంట రెండు నిమిషాల్లో వచ్చిందంటేనే అనుమానం. చేపని బరువు లెక్కన ఇచ్చే చోట తూచి ధర చెప్పాకే వండమనండి, ఆ గొడవ బిల్లు దగ్గర పెట్టుకోవద్దు. ప్లేటు వచ్చాక ముక్కని మధ్యలో విరిచి చూడండి. పచ్చిగానో సగం కాల్చో ఇచ్చే వంటకమైతే చేప చల్లటి చోటి నుంచే వచ్చిందని తెలియాలి, పూర్తిగా వండిందైతే మధ్యదాకా వేడిగా ఉండాలి, రెండూ కాకుండా గోరువెచ్చగా ఉంటే తినకండి. మిరియాలు లేని వంటకంలో నాలుక చురుక్కుమన్నా, లోహం రుచి తగిలినా అక్కడే ఆపేయండి, డబ్బులు పెట్టాం కదా అని ఇంకో ముక్క నోట్లో పెట్టుకోకండి. ఎంత ఎక్కువ తింటే అంత హిస్టమిన్ లోపలికి పోతుంది.

తేడా అనిపిస్తే ప్లేటు తీసుకెళ్లనివ్వకుండా ముందు ఫొటో తీసుకోండి, బిల్లు అడిగి దగ్గర పెట్టుకోండి, మిగిలిన చేపని పార్సిల్ కట్టించుకుని ఇంట్లో ఫ్రీజర్‌లో వేరుగా ఉంచండి, దానిమీద తేదీ రాసి, ఎవరూ పొరపాటున తినకుండా. చేపలో హిస్టమిన్ ఎంత ఉందో ల్యాబ్‌లో కొలవొచ్చు, కాబట్టి మీ ప్రాంతంలో ఆహార భద్రత చూసే ఆఫీసువాళ్లు పరీక్ష చేయించాలనుకుంటే అది పనికొస్తుంది. మేం బిల్లు, ఫొటో, డాక్టర్ రాసిన చీటీ జతచేసి ఫిర్యాదు ఇచ్చాం. రివ్యూలో కూడా తిట్లేమీ లేకుండా, ఏ వంటకం, ఏ రోజు, ఎంతసేపటికి ఏం జరిగింది అన్నది ఉన్నదున్నట్టు రాశాం.

మీరూ ఎక్కడైనా ఇలాంటి చేప వంటకం తిని మొహం ఎర్రబడి, "ఎలర్జీ" అనిపించుకుని ఇంటికి వచ్చి ఉంటే డాక్టర్‌కి చేప పేరు, తిన్న టైము చెప్పి అడగండి, ఆ తర్వాత ఫిర్యాదు కూడా ఇవ్వండి. ఒకే చోట తిన్నవాళ్ల నుంచి ఇంకొన్ని ఫిర్యాదులు చేరితే, ఆ చేప ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి దగ్గర చల్లదనం తప్పిందో వెతికే పని మొదలయ్యే అవకాశం ఉంటుంది.