హనుమకొండ నుంచి విశాఖకు: రైలు, విమానం, మధ్యలో ఒక లాడ్జి

బంధువుల ఇంట పెళ్లికి విశాఖపట్నం వెళ్లవలసి వచ్చి, మా కుటుంబం నలుగురం పోవడానికి వందే భారత్, తిరిగి రావడానికి విమానం ఎంచుకున్నాం. విమాన చార్జీలో రెండు వైపులా రైలుకే పోవచ్చునని లెక్క తేలినా, అటువంటి నిర్ణయం ఎందుకు తీసుకోవలసి వస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

2023 సంక్రాంతి నాడు మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్‌లో కూర్చునే సీట్లే గాని బెర్తులు లేవు. బోగీ శుభ్రంగా ఉంది, కుదుపు తక్కువ. టికెట్ తీసుకునేటప్పుడే భోజనం వద్దంటే ఆ మేరకు చార్జీ తగ్గుతుంది కనుక పులిహోర, సకినాలు ఇంటి నుంచే కట్టుకుపోయాం. అయితే వరంగల్‌లో సాయంత్రం ఎక్కితే విశాఖలో దిగేసరికి అర్ధరాత్రి కావస్తుంది. ఆ వేళకు దొరికిన ఒక లాడ్జిలో రోజు మొత్తానికి అద్దె కట్టి నాలుగైదు గంటలు పడుకున్నాం. దుప్పట్లు మార్చమంటే కౌంటర్‌లోని కుర్రవాడు "పొద్దున మారుస్తాం సార్" అన్నాడు, పొద్దున మేం ఖాళీ చేస్తామని తెలిసి కూడా. పీఎన్ఆర్ నంబరుతో ముందే బుక్ చేసుకునే స్టేషన్ రిటైరింగ్ రూమ్ దొరికితే అంతకన్నా నయం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లోనైతే రాత్రి నిద్రలోనే దారి గడిచి తెల్లవారేసరికి విశాఖ చేరేవాళ్లం, గది అద్దె పూర్తిగా మిగిలేది.

విమానం గాలిలో ఉండేది గంటంబావు. గంట ముందే చెక్-ఇన్ మూసేస్తారు గనుక ఇంకా ముందే చేరుకోవాలి. శంషాబాద్‌లో దిగాక సామాను కోసం నిలబడి, పుష్పక్ బస్సులో నగరానికి వచ్చి, ఉప్పల్‌లో హనుమకొండ బస్సు పట్టుకోవాలి. హైదరాబాద్ వాసులకు కలిసివచ్చే సమయం ఓరుగల్లు వాళ్లకు రోడ్డు మీదే కరిగిపోతుంది.

మరి విమానం ఎందుకంటే, తిరుగు ప్రయాణానికి రాత్రి రైళ్లలో బెర్తు లేదు. మామూలు చార్జీకి స్లీపర్ గాని థర్డ్ ఏసీ గాని ఖాయమైతే విమానం ఊసే రాదు. వెయిటింగ్ లిస్టు పడితే లెక్క మారుతుంది: థర్డ్ ఏసీ తత్కాల్‌కు మనిషికి 400 రూపాయల వరకు అదనం, అంటే నలుగురికి 1,600 దాకా, ప్రీమియం తత్కాల్‌లో బెర్తులు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఆర్ఏసీ వస్తే ఒకే సైడ్ లోయర్ మీద ఇద్దరు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి, చార్జీ మాత్రం ఇద్దరూ పూర్తిగా కట్టాలి. 2020 మార్చికి ముందు 58 ఏళ్లు దాటిన స్త్రీలకు సగం, 60 దాటిన పురుషులకు 40 శాతం రాయితీ ఉండేది. అది ఉన్నట్లయితే మా అమ్మ టికెట్ సగానికే వచ్చేది.

చిన్న ఊళ్లకు తక్కువ చార్జీతో విమానాలు నడపడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం తొలి విమానాలలో 2017లో కడప–హైదరాబాద్–నాందేడ్ కూడా ఉంది. హైదరాబాద్ నుంచి ఆ రెండు ఊళ్లకూ రైలుంది. దగ్గరి దూరాల విమానాలకు నష్టం పూడ్చడానికి ప్రభుత్వం సొమ్ము ఇవ్వగలిగినప్పుడు, పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి రైళ్లకు నాలుగు బోగీలు కలపడానికి, పెద్దవాళ్ల రాయితీ తిరిగి ఇవ్వడానికి అభ్యంతరమేమిటో నాకు బోధపడదు. జర్మనీ 2020లో దూరప్రయాణ రైలు టికెట్లపై పన్నును 19 శాతం నుంచి 7 శాతానికి దించింది. మన స్లీపర్ టికెట్‌పై జీఎస్టీ అసలే లేదు, ఏసీపై ఉన్నది 5 శాతమే. కాబట్టి ఇక్కడ తగ్గవలసింది పన్ను కన్నా బెర్తుల కొరత. అందుకు ఈ దారిలో మరిన్ని రైళ్లు నడవాలి, అవి నడవాలంటే కాజీపేట–విజయవాడ మూడో లైను పూర్తిగా అందుబాటులోకి రావడం ముఖ్యం.

అంతవరకు ఈ దారిన వెళ్లేవారు, ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకోగానే రాత్రి రైలుకు రానూపోనూ టికెట్లు తీసుకోవడం మంచిది.