80 రోజుల మంచు చూశాక: మహిళల స్నోబోర్డ్ జాకెట్, 15కె షెల్

నాలుగు సీజన్లు, దాదాపు 80 రోజుల వాడకం తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. జాకెట్ రెండు పొరల షెల్ (బయటి తొడుగు): పై బట్ట, దాని లోపలివైపు అతికించిన, నీటిని ఆపే పలచని మెంబ్రేన్. ఒంటి భాగంలో చదరపు మీటరుకు 60 గ్రాములు, చేతుల్లో 40 గ్రాముల సింథటిక్ ఇన్సులేషన్ (వెచ్చదనానికి నింపే దూది లాంటిది) ఉంది. లేబుల్ మీద 15కె/10కె అని ఉంటుంది. 15,000 మిల్లీమీటర్ల నీటి స్తంభం ఒత్తిడిని బట్ట ఆపుతుందనీ, చదరపు మీటరుకు 24 గంటల్లో 10,000 గ్రాముల ఆవిరిని బయటికి వదులుతుందనీ దాని అర్థం. కొనేటప్పుడు అందరి కన్నూ మొదటి అంకె మీదే పడుతుంది. నన్నడిగితే ముందు జాకెట్ లోపలివైపు తిప్పి కుట్లు చూడాలి.

చౌక రకాల్లో భుజాలు, హుడ్, మెడ దగ్గర మాత్రమే సీమ్ టేప్ (కుట్ల రంధ్రాల్లోంచి నీళ్లు రాకుండా లోపల అంటించే పట్టీ) వేస్తారు. స్కీయర్‌కి అది చాలొచ్చు. స్నోబోర్డర్ మాత్రం బైండింగ్ (బూట్లను బోర్డుకి పట్టి ఉంచే బిగింపు) బిగించుకోవడానికి రోజుకి పదిసార్లు మంచులో కూర్చుంటుంది. తడి కిందనుంచి, పక్క కుట్ల గుండా ఎక్కుతుంది. అందుకే అన్ని కుట్లకూ టేప్ ఉండాలి, వెనక అంచు తుంటి దాటి దిగాలి. ఈ జాకెట్‌లో రెండూ ఉన్నాయి. కూర్చున్న చోట ఒక్కసారీ తడవలేదు.

మహిళల కట్ అంటే మగవాళ్ల జాకెట్‌ని చిన్నది చేసి రంగు మార్చడం కాదు. తుంటి దగ్గర వెడల్పు చాలకపోతే పౌడర్ స్కర్ట్ (మంచు దూరకుండా జాకెట్ లోపల నడుము చుట్టూ బిగించే పట్టీ) బటన్లు వంగినప్పుడల్లా ఊడిపోతాయి. వెనక్కి పడితే మంచు నేరుగా నడుములోకి వస్తుంది. వేసుకుని చూసేటప్పుడు లోపల ఫ్లీస్ ఉంచుకుని, స్కర్ట్ బిగించి, గొంతుక్కూర్చోండి. బటన్లు నిలిస్తే సైజు సరిపోయినట్టే.

ఇలాంటి కట్ వెనక క్రీడ ఎదిగిన చరిత్ర ఉంది. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ తన పిల్లల కోసం రెండు స్కీలు కలిపి చేసిన ఆటబొమ్మ స్నర్ఫర్. దాని మీద పెరిగిన జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో వెర్మాంట్‌లో బర్టన్ కంపెనీ పెట్టి చెక్క బోర్డులు చేశాడు. అప్పట్లో చాలా స్కీ రిసార్టులు బోర్డులను రానిచ్చేవే కావు. కొండలు ఒక్కొక్కటే తలుపు తీశాక, బోర్డుల కంపెనీ బైండింగులు, బూట్లు, దుస్తుల దాకా విస్తరించింది. 1998 నగానోలో స్నోబోర్డింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు మహిళల హాఫ్‌పైప్ (సగం గొట్టంలా మలచిన మంచు వాలు మీద విన్యాసాల పోటీ) స్వర్ణం జర్మనీకి చెందిన నికోలా థోస్ట్ గెలిచింది. 2010 వాంకూవర్‌లో అమెరికా స్నోబోర్డర్ల కోసం బర్టన్ చేసిన ప్యాంట్లు చూపుకి చిరిగిన జీన్స్, బట్ట మాత్రం నీరు చొరని గోర్‌టెక్స్. జేక్ భార్య డోనా కార్పెంటర్ కంపెనీ సీఈఓగా కూడా పనిచేసింది, మహిళలకు అక్కడ చోటు పెంచడానికి పట్టుబట్టింది. ఇవాళ మహిళల సైజుల్లో దొరికే ఎంపికలు ఊరికే రాలేదు.

మళ్లీ జాకెట్ దగ్గరికి. పాతిక రోజుల వాడకం దాటాక భుజాల బట్ట నల్లబడి నీళ్లు పీల్చడం మొదలైంది. మెంబ్రేన్ పోయిందనుకుని చాలామంది జాకెట్‌ని పక్కన పడేస్తారు. పోయింది అది కాదు, పైనున్న డీడబ్ల్యూఆర్, అంటే నీటిని జార్చేసే పూత. పై బట్ట తడిస్తే ఆవిరి బయటికి పోదు. లోపలి చెమటే చల్లబడి కారినట్టు అనిపిస్తుంది. ఇప్పటి ఫ్లోరిన్ లేని పూతలు నీటిని ఆపుతాయి గానీ నూనెని ఆపలేవు. కాబట్టి సన్‌స్క్రీన్, చర్మం జిడ్డు తగిలేచోట త్వరగా చెడతాయి.

జిప్పులు, వెల్క్రో అన్నీ మూసి, టెక్నికల్ ఫాబ్రిక్ వాష్‌తో 30 డిగ్రీల దగ్గర ఉతకండి. రెండుసార్లు జాడించండి. సాఫ్ట్‌నర్ అసలు వద్దు, అది బట్ట మీద పొరలా మిగిలి నీటిని పీలుస్తుంది. లేబుల్ ఒప్పుకుంటే డ్రయర్‌లో తక్కువ వేడి మీద 20 నిమిషాలు. చాలాసార్లు ఆ వేడికే పూత మళ్లీ పనిచేస్తుంది. నీటిచుక్క ఇంకా పూసలా నిలవకపోతే అప్పుడు స్ప్రే. లోపల లైనింగ్ ఉన్న జాకెట్‌కి స్ప్రేనే మేలు, వాష్‌లో కలిపే రకం లైనింగ్‌కీ అంటుకుని చెమట పీల్చనివ్వదు.

నిజమైన లోపాలు రెండు. మూడో సీజన్‌లో గడ్డం తగిలేచోట టేప్ అంచు లేచింది, సీమ్ సీలర్ (కుట్లకి రాసే జిగురు) పలచగా రాసి రాత్రంతా బరువు పెడితే ఆగింది. స్కర్ట్ అంచున ఉన్న సిలికాన్ పట్టీ పట్టు కోల్పోయింది, దానికి మందు లేదు. ప్యాంటుకి తగిలించే లూప్ ఉండబట్టి సరిపోయింది.

చంక జిప్పులకి జాలీ ఉంది. తెరిచి పడ్డా మంచు దూరలేదు. రెకో రిఫ్లెక్టర్ (మంచుచరియ కింద చిక్కినవాళ్లను వెతికే సిగ్నల్‌ని తిప్పిపంపే చిన్న పట్టీ) కూడా కుట్టారు గానీ, అది వెతికేవాళ్ల దగ్గర డిటెక్టర్ ఉంటేనే పనికొస్తుంది. రిసార్టు దాటి వెళ్లేవాళ్లు అవలాంచ్ బీకన్ (తనే సిగ్నల్ పంపే పరికరం) వేరే పెట్టుకోవాల్సిందే. రోజంతా వానలాంటి తడిమంచులో తిరిగేవాళ్లకి ఈ జాకెట్ చాలదు, 20కె మూడు పొరల షెల్ చూసుకోండి.