గ్వాంగ్‌జౌ, యివూ, వెన్‌జౌ: సరుకు కోసం చైనా వెళ్తే పరిచయం ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ దండగ

బేగంబజార్‌లో ఫ్యాన్సీ సామాను తెప్పించేవాళ్లను కదిపినా, షోరూముకు ఫర్నిచర్ దించేవాళ్లను కదిపినా ఒకటే మాట: "చైనాలో అంతా పరిచయాల మీదే నడుస్తుంది, మనవాడొకడు లేనిదే పని కాదు." ఇందులో సగమే నిజం. రైలు టికెట్టుకు, హోటల్ గదికి, ఎగ్జిబిషన్ పాసుకు ఇవాళ ఎవరి పరిచయమూ అక్కర్లేదు. అప్పు మీద సరుకు కావాలన్నా, చూపించిన శాంపిలే కంటైనర్‌లోకి ఎక్కాలన్నా మాత్రం పరిచయం లేకుండా కష్టం. ఈ తేడా తెలియక అక్కర్లేనిచోట ఏజెంటుకు డబ్బు పోసి, కావాల్సినచోట ఒంటరిగా దిగి దెబ్బతినేవాళ్లే ఎక్కువ.

అక్కడి మాటలో ఈ పరిచయబలం పేరు గ్వాన్‌షి. దాన్ని రికమండేషన్ అనుకుంటే లెక్క తప్పుతుంది. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా, ఎవరెంత చదివించారో రాసిపెట్టుకుని వాళ్లింట్లో శుభకార్యానికి అంతకు కాస్త పైన వేసి చదివిస్తాం. చైనాలోనూ పెళ్లికీ చావుకీ బల్ల వేసుకుని కూర్చుని అచ్చం అలాంటి పుస్తకమే రాస్తారు. ఈ బాకీకి రెన్‌చింగ్ అని పేరు. పుస్తకానికెక్కని సాయాలకూ ఇదే పద్ధతి, కాకపోతే మనసులో రాసుకుంటారు. చేసిన సాయానికి మర్నాడే సరిగ్గా అంత విలువైన వస్తువు తెచ్చి చేతిలో పెడితే లెక్క తేల్చుకుని తెగతెంపులు చేసుకున్నట్టు ఉంటుంది. కొంచెం బాకీ మిగిలి ఉండాలి, అప్పుడే రాకపోకలు ఉంటాయి. సామాజిక శాస్త్రవేత్త ఫే షియావ్‌తుంగ్ 1940ల్లోనే దీన్ని నీళ్లలో రాయి వేస్తే లేచే అలలతో పోల్చాడు. నడుమ ఇల్లు, ఆ చుట్టూ బంధువులు, ఆపైన ఊరివాళ్లు, అలా దూరం పోయేకొద్దీ బంధం పలచబడుతుంది. చివరి అల మీద ఉన్న మనల్ని లోపలివాడొకడు చెయ్యి పట్టి తీసుకెళ్తే, మనం చేసే ఎగవేతకు వాడు పూచీ పడ్డట్టే. అందుకే పరిచయం చేయమని అడగ్గానే వెనకాడతారు. అది పొగరు కాదు.

ఒకప్పుడు ఇది తిండి దగ్గరే మొదలయ్యేది. బియ్యం, నూనె, గుడ్డ కూపన్ల మీద వచ్చే రోజుల్లో కొట్టులో పనిచేసేవాడు తెలిసి ఉంటే మంచి సరుకు దొరికేది. దాన్ని వెనక తలుపున వెళ్లడం అనేవారు, మన దొడ్డిదారే. ధాన్యం కూపన్లు 1993లో పోయాయి. 2012 నుంచి రైళ్లన్నిటికీ గుర్తింపు కార్డు మీదే టికెట్టు కావడంతో అక్కడా దొడ్డిదారి మూసుకుంది. ఇప్పుడు పాస్‌పోర్టుతో చైనా రైల్వే వాళ్ల 12306 యాప్‌లో 15 రోజుల ముందు నుంచి ఎవరికి వారే కొనుక్కోవచ్చు. స్టేషన్‌లో ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్టు తీసుకోకపోతే పక్కనే సిబ్బంది ఉండే గేటులోంచి వెళ్లాలి. ఇంతోటి దానికి టికెట్టుకు సర్వీస్ చార్జీ తీసుకునే ఏజెంటు శుద్ధ దండగ.

బయల్దేరే ముందు

వ్యాపార వీసాకు, అంటే ఎం కేటగిరీకి, చైనా కంపెనీ పంపిన ఆహ్వానపత్రం కావాలి. ఎవరూ తెలియనివాళ్లకు సులువైన దారి గ్వాంగ్‌జౌలో జరిగే కాంటన్ ఫెయిర్. ఆ ఎగ్జిబిషన్ వెబ్‌సైట్‌లో కొనుగోలుదారుగా నమోదైతే ఆహ్వానం అక్కణ్నుంచే వస్తుంది. విమానాలకొస్తే, 2025 అక్టోబరు 26న ఇండిగో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా మొదలుపెట్టింది, నవంబరులో ఢిల్లీ నుంచీ వేసింది. హైదరాబాద్ వాళ్లకు హాంకాంగ్ దారి కూడా బాగుంటుంది. భారతీయులు హాంకాంగ్‌కు ముందుగా ఆన్‌లైన్ నమోదు చేసుకుంటే చాలు, వెస్ట్ కౌలూన్ స్టేషన్‌లో రైలెక్కితే గ్వాంగ్‌జౌ సౌత్ సుమారు గంట.

అసలు చిక్కు ఫోన్‌లో ఉంది. అక్కడ విజిటింగ్ కార్డు కన్నా వీచాట్ అనే చాటింగ్ యాప్ ముఖ్యం, దాన్ని మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. అక్కడికెళ్లి వేసుకుంటే కొత్త ఖాతాకు మామూలుగా పాత వాడకందారు ఒకరు తన ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసి హామీ ఇవ్వాలని అడుగుతుంది. యాప్‌లో చేరడానికే పూచీదారు కావాలన్నమాట! హోటల్ రిసెప్షన్‌లో వాళ్లను అడిగితే ఒక్కోసారి చేస్తారు, చాలామంది తమ ఖాతాకు ముప్పని చేయరు. కాబట్టి ఇండియాలో ఉండగానే సరఫరాదారుతో ఈమెయిల్లో మాట్లాడి, ఈ ఒక్క సాయం ముందే అడిగిపెట్టుకోవాలి. హోటల్ వైఫైలో గూగుల్, వాట్సాప్ రావు. మన సిమ్‌కే ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే వస్తాయి. రూపే కార్డును నమ్ముకోవద్దు. వీసా లేదా మాస్టర్‌కార్డును బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకానికి తెరిపించి అలీపే అనే చెల్లింపుల యాప్‌కు కలుపుకోవాలి. 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపు మీద 3 శాతం పడుతుంది.

గ్వాంగ్‌జౌ, ఫోషాన్

1957లో మొదలైన కాంటన్ ఫెయిర్ ఏటా రెండుసార్లు పాజౌ ప్రాంగణంలో జరుగుతుంది: ఏప్రిల్ 15 నుంచి మే 5 దాకా, అక్టోబరు 15 నుంచి నవంబరు 4 దాకా. ఐదేసి రోజుల మూడు దశలు. మొదటిది ఎలక్ట్రానిక్స్, యంత్రాలు, రెండోది ఇంటి సామాను, గిఫ్టులు, ఫర్నిచర్, మూడోది బట్టలు, బొమ్మలు. దశ తప్పి వెళ్తే టికెట్టు డబ్బులు నీళ్లలో పోసినట్టే. ఇక్కడ పరిచయం చేసే పని దాదాపు ఏమీ లేదు. స్టాల్‌లో నిలబడేది జీతానికి పనిచేసే సేల్స్ కుర్రాళ్లు, వాళ్లు చెప్పేది రేటు కార్డు ధర. ఫ్యాక్టరీ చూస్తామని అడిగినప్పుడు వచ్చే జవాబును బట్టి అది ఫ్యాక్టరీయో ట్రేడింగ్ కంపెనీయో తేలిపోతుంది.

బస పాజౌలో అయితే నడిచి వెళ్లొచ్చు, కానీ ఫెయిర్ రోజుల్లో గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. షియావ్‌పే ప్రాంతంలో రేట్లు నయం, భారతీయ, అరబ్ భోజనం దొరుకుతుంది, రాత్రిపూట గోల మాత్రం తప్పదు. రోజంతా నడిచి వచ్చాక అన్నం, పప్పు కావాలనుకునేవాళ్లకు షియావ్‌పేయే మేలు, పాజౌకు మెట్రో ఉంది. చిన్న లాడ్జీల్లో విదేశీయుణ్ని పోలీసు రికార్డులో నమోదు చేయడం రాక గది లేదనేస్తారు. తెలిసినవాళ్లింట్లో దిగితే 24 గంటల్లోపు పోలీసు నమోదు మనమే చేయించుకోవాలి. వాళ్ల ఆతిథ్యం వల్ల వాళ్లకే ఇబ్బంది వచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఫోషాన్‌లోని లెత్సుంగ్ ఫర్నిచర్ బజారుకు గ్వాంగ్‌జౌ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. కారు ఉచితం, దుబాసీ ఉచితం అనే "మనవాళ్లు" తగిలేది ఇక్కడే. ఉచితానికి డబ్బు షాపు వైపు నుంచి వస్తుంది, ఆ కమిషన్ సోఫా ధరలో కలిసిపోతుంది. కనిపెట్టడం తేలికే: దుబాసీని టీ తాగి రమ్మని పంపి, ఫోన్ అనువాద యాప్‌తో అదే సోఫా ధర మళ్లీ అడగాలి. రోజుకూలీకి మాట్లాడుకున్న దుబాసీయే చివరికి చవక.

యివూ

షాంఘై హుంగ్‌చియావ్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో సుమారు గంటన్నర. నేల పండని చోట బెల్లం మిఠాయి ఇచ్చి కోడి ఈకలు మార్చుకుంటూ ఊళ్లు తిరిగినవాళ్ల ఊరిది. 1982లో స్థానిక పార్టీ కార్యదర్శి షియే గావ్‌హువా, పైనుంచి అనుమతి రాకుండానే, వీధి బజారుకు తలుపులు తీశాడు. ఇప్పుడా బజారులోని ఐదు పాత విభాగాల్లో (అక్కడ జిల్లాలంటారు) దాదాపు 75,000 బూత్‌లు. బొమ్మలు, నకిలీ నగలు ఒకటో జిల్లాలో, సంచులు, తాళాలు, హార్డ్‌వేర్ రెండులో, స్టేషనరీ, సౌందర్య సామగ్రి మూడులో, సాక్సులు, టోపీలు నాలుగులో. బొమ్మలకు మన దగ్గర 2021 జనవరి నుంచి నాణ్యతకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి, అది లేని సరుకు రేవులోనే ఆగిపోతుంది. ఆశపడి కొనకండి.

బూత్ అంటే మూడు గోడల నిండా శాంపిళ్లు, ఒక బల్ల, రెండు స్టూళ్లు. ధర నోటితో చెప్పరు, కాలిక్యులేటర్ మీద కొట్టి మీ వైపు తిప్పుతారు. అది సాధారణంగా పన్ను బిల్లు లేని ధర, కార్టన్ల లెక్కన. ఒప్పుకుంటే చీటీ రాస్తారు: ఐటెం నంబరు, పెట్టెకెన్ని, ఎన్ని పెట్టెలు, పెట్టె ఘనపరిమాణం, ధర, అడ్వాన్సు, అందించే తేదీ. ఈ ఏడింటిలో తప్పు దొర్లేది ఘనపరిమాణం దగ్గర. 40 అడుగుల హైక్యూబ్ కంటైనర్‌లో 68 ఘనపు మీటర్లు పడతాయనుకుని లెక్కవేసుకుంటే, పెట్టె కొలత రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా చివర్లో కొన్ని పెట్టెలు బయట మిగులుతాయి. శాంపిల్ రెండు తీసుకుని రెండింటి మీదా బూత్ యజమాని చేత సంతకం చేయించి, ఒకటి మన దగ్గర, ఒకటి ఏజెంటు గోదాములో ఉంచాలి. సరుకు వచ్చాక ఐటెంకు రెండు మూడు పెట్టెలు, పైవి కాదు, అడుగువి తీయించి పోల్చాలి.

పరిచయం విలువ తెలిసేది ఈ ఊళ్లోనే. ముక్కూమొహం తెలియనివాడికి 30 శాతం అడ్వాన్సు, మిగతాది ఎక్కించేముందు. ఏళ్ల తరబడి ఆఫీసు నడుపుతున్న ఏజెంటు ద్వారా వెళ్తే అదే బూత్ సరుకు గోదాముకు చేరాకే తీసుకుంటుంది, కొందరు కొన్ని వారాల గడువూ ఇస్తారు. ఆ అప్పు మనకిచ్చింది కాదు, ఏజెంటు మొహం చూసి ఇచ్చింది. దానికే మ్యెన్‌జు అని పేరు. మామూలు కమిషన్ 3 నుంచి 5 శాతం. ఆ డబ్బు దుబాసీ పనికి దండగ, పూచీకి మాత్రం న్యాయమే. ఒకే రకం సరుకు ఒకే వరసలో ఉంటుంది గనక, ఏజెంటు చెప్పిన ధరను పక్క రెండు బూత్‌లలో సరిచూసుకోవడానికి పది నిమిషాలు చాలు.

ఈ అప్పు బెడిసికొడితే ఎలా ఉంటుందో 2011 చివర్లో తేలింది. ఒక వ్యాపార సంస్థ యజమాని బాకీలు ఎగ్గొట్టి మాయమైతే, ఆ సంస్థలో పనిచేసిన ఇద్దరు భారతీయుల్ని యివూ వ్యాపారులు నిర్బంధించారు. కోర్టుకు వెళ్లిన మన దౌత్యాధికారి అక్కడే సొమ్మసిల్లారు. 2012 జనవరిలో మన రాయబార కార్యాలయం యివూతో వ్యాపారం వద్దని హెచ్చరిక జారీచేసింది. బాకీ వివాదం కోర్టుకెక్కితే విదేశీయుడు దేశం దాటకుండా ఆపే వీలు అక్కడి చట్టంలో ఉంది. కాబట్టి వేరేవాళ్ల కంపెనీ చీటీల మీద మొహమాటానికి కూడా సంతకం పెట్టకూడదు.

పరిచయం ఎంత గట్టిదైనా కాగితం కాగితమే. కంపెనీ ఇంగ్లిష్ పేరుకు చట్టంలో విలువ లేదు. వ్యాపార లైసెన్సు మీద చైనా లిపిలో ఉన్న పేరు, అంకెలూ అక్షరాలూ కలిసిన 18 స్థానాల కోడ్, ఒప్పందం మీద ఎర్రటి గుండ్రని ముద్ర, బ్యాంకు ఖాతా పేరు, అన్నీ ఒకటే కావాలి. "ఈసారికి మా బావమరిది ఖాతాకు వేయండి" అన్నారంటే అక్కడితో ఆపేయాలి.

విందు బల్ల దగ్గర

గుండ్రటి బల్ల, తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ పిలిచినవాడిది, అతని కుడిపక్కది ముఖ్య అతిథిది. మనంతట మనం కూర్చోకుండా చూపించేదాకా నిలబడటం మేలు. గ్లాసు తాకించేటప్పుడు మన అంచు వాళ్ల అంచు కన్నా కిందికి ఉంచితే గౌరవం. వాళ్లూ దించుతారు, ఒక్కోసారి రెండు గ్లాసులూ బల్లకు ఆనేదాకా పోటీ సాగుతుంది. బైజియు చాలావరకు 50 శాతం పైబడిన మద్యం. తాగనివాళ్లు మొదటి గుక్కకు ముందే డాక్టరు వద్దన్నాడని చెప్పి టీతో ఎత్తాలి. రెండు రౌండ్లు తాగి మూడోది వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. శాకాహారులు "వో చ్ సూ" అనాలి, గుడ్డు, ఆయిస్టర్ సాస్, పంది కొవ్వు విడివిడిగా వద్దని చెప్పాలి, ఎందుకంటే ఆకుకూరలో అవి ఉంటే వాళ్ల లెక్కలో అదింకా శాకాహారమే. బిల్లు పిలిచినవాడిదే. మర్నాడో మరుసటి ప్రయాణంలోనో మనం పిలవాలి. కానుకగా గడియారం, గొడుగు వద్దు. ఒకదాని ఉచ్చారణ చావు సాగనంపడంలా, రెండోదానిది విడిపోవడంలా వినిపిస్తుంది.

అధికారుల్ని ఈ బల్లకు పిలవాలని ఏజెంటు సలహా ఇస్తే ఏజెంటును మార్చండి. అధికారుల విందులు, దుబారా మీద 2012 డిసెంబరులో పెట్టిన ఎనిమిది నిబంధనల నుంచి బిగిసిన పట్టు 2025 మేలో ప్రభుత్వ విందుల్లో మద్యాన్నే నిషేధించేదాకా వచ్చింది. ఆస్పత్రులకు, డాక్టర్లకు ముడుపులిచ్చిన కేసులో మందుల కంపెనీ గ్లాక్సోస్మిత్‌క్లైన్‌కు 2014లో పడిన జరిమానా 300 కోట్ల యువాన్లు.

వెన్‌జౌకు వెళ్లాలా?

చెప్పులు, కళ్లజోళ్లు, స్విచ్‌గేర్ కొనేవాళ్లకు సరే, మిగతావాళ్లకు ఒక రోజు ఎక్కువే. 2024 సెప్టెంబరులో కొత్త లైను తెరిచాక యివూ నుంచి బాగా దగ్గరైంది. చీటీ పాటలు తెలిసిన తెలుగువాళ్లకు మాత్రం ఈ ఊరి కథ వెంటనే అర్థమవుతుంది. బ్యాంకులు చిన్న వ్యాపారికి అప్పివ్వని రోజుల్లో ఇక్కడివాళ్లు హుయ్ అనే చీటీలతో ఫ్యాక్టరీలు పెట్టారు, ఇటలీ దాకా వలస వెళ్లారు. 2011లో వడ్డీ వ్యాపారం కూలి యజమానులు రాత్రికి రాత్రి పరారైతే ప్రధాని వెన్ జియాబావ్ స్వయంగా రావాల్సి వచ్చింది. చుట్టం కాని కొనుగోలుదారుకు ఇక్కడ గడువు దొరకదు, అడగడం కూడా వృథా.

తిరిగొచ్చాక మన దేశంలో వీచాట్ మళ్లీ మూగబోతుంది. మనవాళ్లు యివూ ఏజెంటు మీద అంతగా ఆధారపడటానికి ఇదో ముఖ్య కారణం. అందుకే ప్రతి బూత్ దగ్గరా ఈమెయిల్, వాట్సాప్ ఉంటే ఆ నంబరు అప్పుడే తీసుకుని, బూత్ నంబరు కనిపించేలా యజమానితో కలిసి ఫొటో దిగాలి. వసంతోత్సవానికి, అంటే చైనా కొత్త సంవత్సరానికి, ముందూ వెనకా కలిపి దాదాపు నెల రోజులు పనివాళ్లుండరు కాబట్టి జనవరి ఆర్డర్లు నవంబరులోనే తేల్చుకోవాలి. ఆ పండగకు శుభాకాంక్షలు పంపేటప్పుడు ఆర్డరు మాట ఎత్తకుండా ఆ ఫొటో ఒక్కటి జతచేస్తే, వేలమంది కొనుగోలుదారుల్లో మీరెవరో వాళ్లకు గుర్తొస్తుంది.