ఫ్యూజిబుల్ ఫ్లీస్, నేత ఇంటర్‌ఫేసింగ్: ఏళ్ల వాడకం తర్వాత

సంచులకూ టేబుల్ రన్నర్లకూ చాలా ఏళ్లుగా పెల్లాన్ కంపెనీ వాళ్ల ఎస్ఎఫ్101 ఇంటర్‌ఫేసింగ్ (గుడ్డకు పట్టు కోసం లోపలివైపు అంటించే పొర), 987ఎఫ్ ఫ్లీస్ (మెత్తటి దూదిలాంటి పొర) వాడుతున్నాను. రెండూ ఫ్యూజిబుల్, అంటే ఇస్త్రీ వేడికి జిగురు కరిగి గుడ్డకు అంటుకునేవి. రెండింటికీ జిగురు ఒకవైపే. అయినా ఒకటి ఇంకొకదాని పని చేయదు. ఎస్ఎఫ్101 నేసిన నూలు గుడ్డ. పలచటి కాటన్‌కు పట్టు ఇస్తుంది, మందం ఇవ్వదు. ఫ్లీస్ మెత్తగా ఉబ్బుగా ఉంటుంది కానీ సంచిని నిలబెట్టదు. చేతిసంచి అయితే బయటి గుడ్డకు ముందు ఎస్ఎఫ్101, దాని మీద ఫ్లీస్ అంటిస్తాను.

నేయని ఇంటర్‌ఫేసింగ్ నాకు నచ్చదు. సంచిని ఒకసారి తిరగేస్తే పడిన ముడతలు ఎంత ఇస్త్రీ చేసినా పూర్తిగా పోవు. నేత రకంలో ఆ బాధ తక్కువ. దాని పడుగు, గుడ్డ పడుగు ఒకే దిక్కున ఉండాలి, అంతే. టీషర్టులతో క్విల్టు (పొరలు కలిపి కుట్టే దుప్పటి) కుట్టేవాళ్లకూ ఇదే మేలు. ముక్కను కావలసిన కొలత కన్నా 2 అంగుళాలు పెద్దగా కత్తిరించి, ఇంటర్‌ఫేసింగ్ అంటించాకే అసలు కొలతకు కోయాలి. ముందే కోస్తే సాగిపోయి చదరం చదరంగా ఉండదు.

వీటిని అంటించేవాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ బుడగల గురించే. నా లెక్కలో వాటికి కారణం జిగురు కన్నా ఇస్త్రీయే. గుడ్డకు ముందే ఆవిరి పట్టించాలి. లేకపోతే అంటించాక అది కుంచించుకుపోయి బుడగలు లేస్తాయి. ఇస్త్రీపెట్టె ఉన్ని సెట్టింగులో పెట్టి, తడి గుడ్డ పరిచి, ఒక్కోచోట 10–15 సెకన్లు అదిమి పట్టాలి. పెట్టెను జరపకూడదు. ఎత్తి, ముందుచోటు మీదికి కాస్త వచ్చేలా పక్కన పెట్టాలి. మామూలు ఇస్త్రీలా రుద్దితే గుడ్డ సాగి ముడత పడుతుంది. తర్వాత తిప్పి గుడ్డ వైపు నుంచి ఇంకోసారి. చల్లారేదాకా కదపవద్దు, జిగురు గట్టిపడేది అప్పుడే. అంచులు లేస్తున్నాయంటే వేడో సమయమో చాలలేదని.

ఫ్లీస్‌ను కుట్టు మార్జిన్ (కుట్టు బయట వదిలే అంచు) చివరిదాకా ఉంచితే మూలలు దిమ్మల్లా తయారవుతాయి. నేను 1/8 అంగుళం మాత్రమే కుట్టులోకి వెళ్లేలా వదిలి మిగతాది తీసేస్తాను. పూర్తిగా తీసేస్తే వాడకంలో అంచు ఊడివస్తుంది.

రెండువైపులా జిగురుండే హాబ్స్ కంపెనీ 80/20 బ్యాటింగ్ (క్విల్టు నడుమ పెట్టే దూదిలాంటి పొర) సంగతి వేరు. 80 శాతం నూలు, 20 శాతం పాలిస్టర్. పైగుడ్డ, బ్యాటింగ్, అడుగుగుడ్డ మూడు పొరలనూ పిన్నులు లేకుండా పట్టి ఉంచడానికే ఆ జిగురు, ఉతికితే పోతుంది. కాబట్టి క్విల్టింగ్ వరసల (పొరలను కలిపే కుట్ల) మధ్య 4 అంగుళాలు దాటనివ్వకండి. ఇస్త్రీ నడుమ నుంచి అంచులకు చేయాలి. చిన్న క్విల్టులకు హాయిగా ఉంటుంది. మంచమంత క్విల్టుకు ఇస్త్రీ బల్ల మీద కుస్తీ తప్పదు, నేనైతే పిన్నులే పెడతాను.

మిషన్‌లో 90/14 సైజు సూది వేయండి. దారం తెగుతుంటే సూదికి జిగురు పట్టిందేమో చూసి, స్పిరిట్‌తో తుడవండి. చేత్తో క్విల్టింగ్ చేసేవాళ్లు మాత్రం జిగురు లేని బ్యాటింగే తీసుకోవాలి. జిగురు పొరలో సూది ప్రతి కుట్టుకూ పట్టేస్తుంది.