గోడలో దాగిన వైరు: పెన్ టెస్టరా, పాత రేడియోనా?

పడకగది గోడకు అల్మరా బిగిద్దామని డ్రిల్ చేతిలోకి తీసుకున్నాక ఆగిపోయాను. ఆ గోడలో వైరు ఎటు పోతోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. గాడి కొట్టి పైపు వేసి పూడ్చేశారు, దానిమీద లప్పం, రంగు. దొరికిన పరికరాలన్నీ ఒక్కొక్కటే పట్టి చూశాను.

ఫోన్‌లోని మెటల్ డిటెక్టర్ యాప్‌ను వదిలేయండి. అది దిక్సూచి సెన్సర్‌తో పనిచేస్తుంది కాబట్టి ఇనుమునే పసిగడుతుంది, రాగి దానికి ఆనదు. మా గోడ మీద అది కూసిన చోటల్లా పిల్లర్ చువ్వలే.

తీగను తాకకుండానే గోడ పైనుంచి పసిగట్టే పెన్ టెస్టర్ నయం. వైరులో కరెంటు పారకపోయినా వోల్టేజీ ఉంటే చాలు, దీపం వెలుగుతుంది. స్విచ్ బోర్డు దగ్గర చక్కగా చూపించింది. కానీ గోడ చెమ్మగా ఉంటే జానెడు వెడల్పున వెలుగుతూనే ఉంటుంది. ఎర్త్ చేసిన ఇనప పైపులో వైరుంటే అసలు వెలగదు. నాకు భయం వేసింది ఇక్కడే: వెలగలేదు కదా అని అక్కడే కన్నం పెట్టేస్తాం.

నా ఓటు మీడియం వేవ్ రేడియోకే. ఆ లైను చివరి సాకెట్‌కు డిమ్మర్ (బల్బు వెలుతురు తగ్గించే మీట) పెట్టి, ఫిలమెంట్ బల్బును సగం వెలుతురులో వెలిగించాలి. మెట్లు మెట్లుగా తిరిగే ఫ్యాన్ రెగ్యులేటర్ పనికిరాదు, అందులో ఉండేవి రొద పుట్టించని కెపాసిటర్లు. నున్నగా తిరిగే చవక డిమ్మరే కావాలి. అందులోని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ సెకనుకు 100 సార్లు కరెంటును ఆపి వదులుతుంది, ఆ రొద వైరు పొడవునా పాకుతుంది. స్టేషన్ లేని చోటికి ముల్లు తిప్పి గోడకు ఆనిస్తే బుర్రుమంటుంది. మిగతా ఎల్‌ఈడీ దీపాలు, ఛార్జర్లు ముందే ఆపేయాలి, వాటి గోల కూడా ఇందులోనే కలుస్తుంది.

రేడియో లోపల యాంటెనాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ రేడియో పొడవు వెంబడి ఉంటుంది. వైరు నిలువుగా ఉంటే రేడియోను అడ్డంగా పట్టినప్పుడు మోత పెరుగుతుంది, నిలువుగా తిప్పితే దాదాపు సద్దుమణుగుతుంది. ఆ తేడా చూసుకుంటూ సుద్దముక్కతో గీసుకుంటూ పోయాను. నిటారుగా పైకి పోతుందనుకున్న వైరు నడుమెత్తున కిటికీ వైపు ఐమూలగా మళ్లింది! నేను అల్మరాకు గుర్తు పెట్టుకున్న రెండో కన్నం సరిగ్గా ఆ గీత మీదే ఉంది.

ఇంటర్నెట్ కేబుల్ లాంటి కరెంటు లేని తీగలకైతే 555 ఐసీ (టైమర్ చిప్), 9 వోల్టుల బ్యాటరీతో వెయ్యి హెర్ట్జ్ చుట్టూ కూసే చిన్న సర్క్యూట్ చేసుకోవాలి. కేబుల్‌ను రెండు కొసలా ఊడదీశాకే కలపాలి. సర్క్యూట్ ఒక మొన కేబుల్‌లోని ఒక తీగకు, రెండోది ఎర్త్‌కు. మెలిపెట్టిన జతలోని రెండు తీగలకూ చెరొకటి ఇస్తే వాటి మెలిక వల్ల ఒకదాని చప్పుడును ఇంకోటి మింగేస్తుంది, మొదటిసారి నేను చేసింది అదే. వినడానికి అదే రేడియో చాలు.

పెన్ టెస్టర్‌ను చివర్లో సరిచూసుకోవడానికే వాడాను. తర్వాత ఆ లైను ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) దించి, పక్క గది నుంచి ఎక్స్‌టెన్షన్ లాక్కుని, గీతకు నాలుగంగుళాలు ఎడంగా కన్నం పెట్టాను.