ట్యూబు ఒక్కటే మార్చొద్దు, పట్టీతో సహా పీకేయండి: నాలుగు ఎల్ఈడీల అనుభవం

హనుమకొండలో మా ఇంట్లో ట్యూబ్‌లైట్లు ఇల్లు కట్టినప్పటివి. గాజు ట్యూబులు బోలెడు మారాయి, స్టార్టర్లకైతే లెక్కే లేదు, కానీ ఇనుప పట్టీలు, వాటిలోని రాగి చోక్‌లు మాత్రం 1998 నుంచి అవే. హాల్లో ఉన్నదానికి స్విచ్ వేసి, చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి వెలిగేది. వోల్టేజీ తక్కువున్న సాయంత్రాలు ఏ గదిలోదైనా మా బాపు స్టూలెక్కి స్టార్టర్‌ను కాస్త అటూ ఇటూ తిప్పితే గానీ పట్టుకునేది కాదు. మనుషుల్ని ఊరికే ట్యూబ్‌లైట్ అనరు కదా.

అయినా మారుద్దామంటే ఆయన వినలేదు. "వెలుగుతున్నది కదరా" అనేవాడు. చివరికి ఆయన్ని కదిలించింది నేను కాదు, కరెంటు బిల్లు. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం వచ్చింది, నెలకు 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు, దాటితే మాత్రం మొత్తానికీ కట్టాలి. ఎండాకాలం కూలర్ మొదలయ్యాక మా ఇంటి రీడింగు 208, 214 ఇలా వచ్చేది. ముప్పై ఏళ్లు కిరాణం నడిపిన మనిషికి ఎనిమిది యూనిట్ల తేడాకి వెయ్యి పైన పోతుంటే నిద్ర పడుతుందా?

లెక్క చెప్తాను. పాత లావు ట్యూబు 40 వాట్లు, అది కాక చోక్ ఉత్త వేడికే ఇంకో 12-15 వాట్లు తింటుంది. దాని బదులు ఎల్ఈడీ 20 వాట్లు. రోజూ నాలుగు లైట్లు ఆరేసి గంటలు వెలిగితే నెలకు 24, 25 యూనిట్లు మిగులుతాయి. ఈ మాట చెప్పగానే బాపు చొక్కా వేసుకున్నాడు.

కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి, పాత పట్టీలోనే ఇమిడే నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబు, చూడ్డానికి మామూలు ట్యూబులాగే ఉంటుంది, రెండు వైపులా పిన్నులు. రెండోది బ్యాటెన్, అంటే లైటూ పట్టీ ఒకటే ముక్క, గోడకి రెండు క్లిప్పులు కొట్టి తగిలించడమే. ధరలో పెద్ద తేడా లేదు, రెండూ 250-300 మధ్యలోనే పడ్డాయి. పాత పట్టీ ఉండగా కొత్తది ఎందుకన్నది బాపు వాదన, పాత పట్టీయే అసలు రోగం అన్నది నా వాదన. రెండేసి చొప్పున తెచ్చి పంచాయితీ తెంపుకున్నాం.

ముందు హాల్లో, వంటింట్లో ట్యూబులు పెట్టాం. ఎలక్ట్రీషియన్ మా వాడకట్టు కుర్రాడే, పనిమంతుడే, కానీ డబ్బా మీది బొమ్మ చూడకుండా చోక్, స్టార్టర్ తీసేసి, ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) ఒక చివర, న్యూట్రల్ (తిరిగి పోయే వైరు) ఇంకో చివర ఇచ్చేశాడు. వెలగలేదు. "కాకా, పీస్ ఖరాబున్నది" అని తీర్పు చెప్పాడు. బాపు బండి మీద ట్యూబు పట్టుకుని మళ్లీ కొట్టుకి పోతే, కౌంటర్ దగ్గరున్నాయన రెండు వైర్లు ఒకే చివరి రెండు పిన్నులకి ఆనించాడు, భగ్గుమని వెలిగింది. ట్యూబు చివరి టోపీ మీద నువ్వుగింజంత అక్షరాలతో ఎల్, ఎన్ (ఫేజ్, న్యూట్రల్) అని రాసి ఉంది, ఒక వైపే. కొన్ని ట్యూబులు ఒక చివరి నుంచే కరెంటు తీసుకుంటాయి, కొన్నిటికి రెండు చివర్లా ఇవ్వాలి, ఏది ఏ రకమో డబ్బా చూడకుండా చెప్పలేం. రెండు చివర్ల రకం కొంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి: ఒక చివర హోల్డర్లోకి ఎక్కించి రెండోది చేత్తో పట్టుకుని ఉన్నప్పుడు ఆ పిన్నుల్లోకి కరెంటు రావచ్చు. స్విచ్ ఆపితే చాలదు, ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఉండే మీట) దించాలి. ఎందుకు చాలదో కింద చెప్తాను.

ట్యూబు సంగతి తేలాక హోల్డర్ల వంతు. పాతికేళ్ల ప్లాస్టిక్, పసుపురంగుకి తిరిగి బిస్కెట్టులా ఉంది. ట్యూబు పెట్టి పావు వంతు తిప్పేసరికి వంటింటి హోల్డర్ చెవి పుటుక్కున ఊడి చేతికొచ్చింది. కొత్త హోల్డర్లు, వైరు ముక్క, మళ్లీ ఒక పూట. అన్నీ కలిపితే బ్యాటెన్ కంటే ఎక్కువే అయింది. పైగా ఇలా వైరింగ్ మార్చిన పట్టీలో రేపెవరైనా తెలియక పాత గాజు ట్యూబు పెడితే కరెంటు నేరుగా ఫిలమెంటు మీద పడుతుంది, అందుకని లోపల తెల్ల స్టిక్కర్ మీద "ఎల్ఈడీ మాత్రమే" అని నేనే రాసి అంటించాను. ఇంత తద్దినం అవసరమా అనిపించింది.

పడగ్గదిలో, వసారాలో బ్యాటెన్లు పెట్టడానికి రెండూ కలిపి ముప్పావుగంట పట్టలేదు. రెండు వైర్లు, నాలుగు స్క్రూలు, అంతే. వేయగానే వెలుగు. ఆ జుయ్ మనే చోక్ మోత పోయాక, పక్కగదిలో ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందా అని మొదటిసారి తెలిసింది.

కానీ రాత్రి పడుకున్నాక చూస్తే పడగ్గది బ్యాటెన్ స్విచ్ ఆపినా సన్నగా, మిణుగురులా వెలుగుతోంది. లైటు చెడిపోలేదు. కట్టిన రోజుల్లో ఎవరో ఆ పాయింటుకి ఫేజ్ నేరుగా లైటుకిచ్చి, న్యూట్రల్‌ని స్విచ్‌లోంచి తిప్పారు. ట్యూబ్‌లైటుకి అంత చిన్న లీకేజీ లెక్కలోకి రాదు, ఎల్ఈడీకి అదే చాలు. స్విచ్ ఆపి లైటు దగ్గర టెస్టర్ పెడితే ఎర్రగా వెలిగింది. అంటే స్విచ్ ఆపేశాను కదా అన్న ధీమాతో పడగ్గదిలో బాపు స్టూలెక్కి స్టార్టర్ తిప్పిన అన్ని సాయంత్రాలూ ఆయన చేతికి బెత్తెడు దూరంలో 230 వోల్టులు ఉన్నాయి. నాకైతే చెమటలు పట్టాయి. మర్నాడు బోర్డు విప్పించి సరిచేయించాం. (అమ్మకి మాత్రం నచ్చలేదు, జీరో బల్బు పని ఊరికే అయిపోతోంది కదా, ఉండనివ్వమంది.) స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉన్నా కొన్నిసార్లు ఇలాగే వెలుగుతుంది, అది ప్రమాదం కాదు. ఏదో తేల్చుకోవాలంటే ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి చూడాల్సిందే.

వెలుగు గురించి నా ఫిర్యాదు ఒకటుంది. గాజు ట్యూబు చుట్టూ వెలిగేది. ఎల్ఈడీ ఒక పక్కకే. హాల్లో లైటుకి పైన దండ వేసిన మా తాత ఫోటో ఉంటుంది, ఇన్నాళ్లూ ఆయన మొహం మీద వెలుగు పడేది, ఇప్పుడు ఫోటో నీడలో, టీవీ వెలుగులో. సీలింగు కూడా కాస్త చీకటిగానే ఉంటుంది. రంగు విషయంలో కొట్లో అడక్కపోతే 6500 కెల్విన్‌ది (కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, డబ్బా మీద K అని ఉంటుంది) ఇచ్చేస్తారు, అది తెల్లటి తెలుపు, వంటింటికి బాగుంటుంది, పడగ్గదిలో ఆస్పత్రి వార్డు గుర్తొస్తుంది. నేను అడగలేదు, నా తప్పే. పడగ్గదికి 4000 కెల్విన్‌ది అడిగి తీసుకోండి.

ఎనిమిది నెలలైంది. హాలు ట్యూబు అయిదో నెలలో టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఫోన్ కెమెరాలో చూస్తే నల్ల చారలు పరిగెడుతున్నాయి, లోపలి డ్రైవర్ (ఎల్ఈడీలకి సరిపడా కరెంటు ఇచ్చే సర్క్యూటు) పోయిందన్నారు. రెండేళ్ల వారంటీ ఉంది కాబట్టి మార్చి ఇచ్చారు, కానీ కంపెనీ మనిషి రావాలంటూ పదకొండు రోజులు తిప్పారు. డబ్బా, బిల్లు రెండూ ఉన్నాయి కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది. బ్యాటెన్లు రెండూ ఇంతవరకు కిమ్మనలేదు. నా మార్కులు: బ్యాటెన్‌కి అయిదుకి నాలుగున్నర, ట్యూబుకి రెండు. మీ పట్టీలు కొత్తవైతేనో, కొట్లో ఫాల్స్ సీలింగులో బిగించినవైతేనో ట్యూబు వైపు చూడండి, లేకపోతే వద్దు. మా ఏప్రిల్ రీడింగు 187, బాపు క్యాలెండర్ మీద గుండ్రం చుట్టి పెట్టాడు.

తీసేసిన చోక్‌లు రాగి కోసం పాతసామాన్లాయన తూకం వేసి పట్టుకెళ్లాడు. గాజు ట్యూబులు ముట్టుకోలేదు. వాటిలో పాదరసం ఉంటుంది, చెత్తకుప్పలో పగలగొట్టకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. మావి ఇంకా మేడమెట్ల కింద పాత దుప్పటి చుట్టి ఉన్నాయి. బిస్కెట్ డబ్బాలో తొమ్మిది కొత్త స్టార్టర్లు కూడా ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి. బాపు ఊరికే ఇస్తాడని మాత్రం అనుకోకండి.